పళ్ళొస్తున్నాయని జ్వరాన్ని వదిలేయకండి

ప్రశ్న: మా బాబుకి ఏడు నెలలు నిండాయి. కొన్నాళ్ళుగా ఒకటే చొంగ. చేతికి ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటున్నాడు. రాత్రిళ్ళు సరిగ్గా నిద్రపోడు, పాలు తాగుతూ కొరికేస్తున్నాడు. కింది చిగురు మీద తెల్లగా ఏదో కనిపిస్తోంది. పోయిన వారం 101 జ్వరం వచ్చింది, రోజుకి ఆరేడుసార్లు నీళ్ళలా మోషన్స్ అయ్యాయి. "పళ్ళొచ్చేటప్పుడు అవి మామూలే, ఆపకూడదు" అన్నారు మా అత్తయ్యగారు. మూడు రోజులు చూశాం, తగ్గింది. ఇప్పుడు తేనెలో వెలిగారం కలిపి చిగుళ్ళకి రాద్దామంటున్నారు. మావారు మెడికల్ షాపు నుంచి ఏదో జెల్ తెచ్చారు. గుంటూరు నుంచి మా అమ్మ వసకొమ్ము పూసలు పంపింది, మెడలో వేయమని. అందరూ ప్రేమతోనే చెబుతున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మా ఆఫీసులో ఒకావిడ పాపకి ఇదే వయసులో నాలుగు పళ్ళున్నాయట. మావాడికి ఆలస్యమవుతోందా?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: అమ్మా, మీరు అడిగినవన్నీ చెబుతాను. దానికంటే ముందు, మీరు అడగకుండా వదిలేసిన మాట ఒకటుంది. "మూడు రోజులు చూశాం, తగ్గింది" అని రాశారు. తగ్గినందుకు నాకూ సంతోషమే. కానీ ఏడు నెలల బిడ్డకి 101 జ్వరం, దాంతోపాటు రోజుకి ఆరేడు విరేచనాలు అవుతుంటే మూడు రోజులు చూస్తూ కూర్చోకూడదు. ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. ఇంకోసారి అలా వస్తే, ఎవరేం చెప్పినా సరే, దాన్ని పళ్ళ ఖాతాలో వేయకండి.

పన్ను రావడం వల్ల చిగురు ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, కొంచెం నొప్పిగా ఉంటుంది. చొంగ కారుతుంది. బిడ్డ చిరాగ్గా ఉంటాడు, నిద్ర చెడుతుంది, తిండి తగ్గుతుంది. ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చు కూడా. కానీ 100.4 దాటి జ్వరం వచ్చిందంటే దానికి వేరే కారణం ఉంది. ఇది నా ఒక్కరి అభిప్రాయం కాదు. ఈ విషయం మీద అంతకుముందు జరిగిన అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక పరిశీలన 2016లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చింది. అందులో ఎక్కువగా తేలినవి చిగుళ్ళ ఇబ్బంది, చిరాకు, చొంగ. ఒంటి వేడి కొద్దిగా పెరుగుతుంది తప్ప అది జ్వరం దాకా పోదని తేల్చారు. అంతకుముందు 2000లో అమెరికాలో 125 మంది పిల్లల్ని తల్లిదండ్రులు రోజూ గమనించి రాసిన అధ్యయనం ఒకటుంది. పన్ను చిగురు దాటడానికి 4 రోజుల ముందు మొదలై, దాటిన 3 రోజుల తర్వాత ఈ ఇబ్బందులు సర్దుకుంటాయని అందులో కనిపించింది. అంటే ఒక పన్నుకి వారం, మహా అయితే ఎనిమిది రోజులు. వారాల తరబడి బిడ్డ నలతగా ఉంటే పన్నుని అనుమానించి ఊరుకోవడం సరికాదు.

మరి పళ్ళొచ్చేటప్పుడే విరేచనాలు ఎందుకవుతాయని అత్తయ్యగారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కడుపులో ఉండగా తల్లి నుంచి బిడ్డకి చేరిన రక్షణ సరిగ్గా ఈ ఆరో నెల చుట్టుపక్కలే తగ్గిపోతుంది. అదే సమయంలో అన్నప్రాసన చేస్తాం, కొత్త తిండి మొదలవుతుంది, తల్లిపాలతో పాటు నీళ్ళు లోపలికి వెళతాయి. అప్పుడే బిడ్డ బోర్లాపడి, పాకి, నేల మీదున్న చెప్పునీ రిమోట్‌నీ తాళంచెవినీ అన్నిటినీ చిగుళ్ళ మధ్య పెట్టుకుంటాడు. చిగురు దురద వల్ల ఇంకాస్త ఎక్కువ పెట్టుకుంటాడు. పన్ను, విరేచనాలు ఒకే వయసులో రావడంతో ఒకదానివల్ల రెండోది వచ్చిందని పెద్దవాళ్ళు అనుకున్నారు. వాళ్ళు చూసింది నిజమే, చెప్పుకున్న కారణం మాత్రం వేరు. విరేచనాలు వచ్చేది నోట్లోకి పోయిన క్రిమి వల్ల. మన ప్రాంతంలో నీటి సంగతి మీకు తెలియనిది కాదు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో కలుషిత నీటి వల్ల అతిసారం వ్యాపించి ప్రాణాలే పోయాయి. పెద్దవాళ్ళే తట్టుకోలేని చోట ఏడెనిమిది కిలోల బిడ్డ ఒంట్లో నీరు ఎంతసేపు నిలుస్తుంది? కుళాయి నీళ్ళయినా డబ్బా నీళ్ళయినా మరిగించి చల్లార్చినవే బాబుకి పట్టండి. ఒకసారి టీకాల కార్డు తీసి 6, 10, 14 వారాల దగ్గర రోటావైరస్ చుక్కలు పడ్డాయో లేదో చూడండి. 2016లో ఈ టీకాని ప్రభుత్వ కార్యక్రమంలో మొదటగా తీసుకున్న నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి.

"విరేచనాలు ఆపకూడదు" అన్న మాటలో సగం నిజం ఉంది, అత్తయ్యగారికి ఆ సంగతి తప్పకుండా చెప్పండి. పెద్దవాళ్ళు వేసుకునే మోషన్స్ ఆపే బిళ్ళలు పసిపిల్లలకి ఇవ్వకూడదు, ప్రమాదం. అయితే ఆపకపోతే సరిపోదు, పోయిన నీటిని తిరిగి నింపాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ని ఒక లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. కొంచెం పొడి, కొంచెం నీళ్ళు అంటూ అంచనాగా కలపొద్దు. ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ. వరకు, చెంచాతో నిదానంగా పట్టండి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. దీనితోపాటు 6 నెలలు దాటిన పిల్లలకి జింక్ రోజుకి 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు ఇస్తారు, విరేచనాలు ముందే తగ్గినా సరే పూర్తి చేయాలి. ఇవి రెండూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు, మీ ప్రాంతంలో ఆశా కార్యకర్తని అడగండి. పాలు మాన్పించొద్దు. పెరుగన్నం, మెత్తగా చిదిమిన చక్కెరకేళి కూడా ఆపనక్కర్లేదు.

షాపులో ఓఆర్ఎస్ అడిగితే రంగురంగుల టెట్రా ప్యాక్ చేతిలో పెట్టేవారు, అది పండ్ల రుచితో ఉండే పంచదార నీళ్ళు. పిల్లలకి విరేచనాలు ఇంకా పెంచుతుంది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీనిమీద పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలతల్లో లేని పానీయాల మీద 'ఓఆర్ఎస్' అనే పేరు వేయకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. అయినా కొనేముందు లేబుల్ చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే తీసుకోండి.

ఇక జ్వరం. ఈ వయసులో జలుబు, దగ్గు ఏమీ లేకుండా జ్వరం వస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. మూత్రపరీక్షతో తేలిపోతుంది. పళ్ళ జ్వరమని వదిలేసిన ఇళ్ళలో తప్పిపోయే వాటిలో ఇదొకటి, కిడ్నీల మీద ప్రభావం పడేదాకా బయటపడకపోవచ్చు. చెవి లాక్కోవడం పన్ను వల్ల కూడా ఉంటుంది, కానీ జ్వరం కూడా ఉంటే చెవి చూపించాలి. ఇంకోటి, చిగుళ్ళు బాగా వాచి ఎర్రబడి, నాలుక మీదా పెదవుల లోపలా చిన్న చిన్న పుళ్ళు లేచి, బిడ్డ చొంగ కూడా మింగలేక ఏడుస్తుంటే అది వైరస్ వల్ల వచ్చే నోటిపూత. దాన్నీ పళ్ళే అనుకుంటారు. టార్చి వేసి నోరంతా ఒకసారి చూడండి, తేడా తెలిసిపోతుంది.

ఆరు గంటలుగా ఒంటేలు పోయలేదు, కళ్ళు లోపలికి పోయాయి, నడినెత్తి మాడు గుంటపడింది, ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు, మలంలో రక్తం పడుతోంది, పాలు పట్టబోతే తాగడం లేదు, పిలిస్తే మత్తుగా చూస్తున్నాడు – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా ఆటో ఎక్కి దగ్గర్లో పిల్లల డాక్టర్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళిపోండి.

ఇప్పుడు మీ ఇంట్లో చేరిన మూడు మందుల సంగతి. తేనె, వెలిగారం రెండూ వద్దు. ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా నాకించకూడదు. తేనెలో ఒకోసారి ఉండే ఒక క్రిమి విత్తనాలు పసివాళ్ళ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడి ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. వెలిగారం అంతకంటే సూటిగా విషం. తేనె, వెలిగారం కలిపి పాలపీకలకి పూసి నోట్లో పెట్టడం వల్ల పిల్లలకి ఫిట్స్ వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మన వైపు నోటిపూతకి కూడా దీన్ని రాస్తుంటారు, అదీ మానేయాలి.

అమ్మ పంపిన వసకొమ్ము పూసలు మెడలో వేయకండి. నిద్రలో దారం బిగుసుకోవచ్చు, తెగితే పూస గొంతులో ఇరుక్కోవచ్చు. చిగురు దురదకి బిడ్డ ముందు కొరికేది ఆ పూసనే. వెండి మురుగులకీ, కాలి గజ్జెలకీ ఉన్న చిన్న మువ్వలు కూడా లాగి చూడండి, వదులుగా ఉంటే తీసి దాచండి.

జెల్ విషయంలో ట్యూబు మీద సన్నగా రాసింది చదవాలి. కోలిన్ సాలిసిలేట్ అని ఉంటే అది ఆస్పిరిన్ జాతి మందు. పసిపిల్లలకి కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీసే జబ్బు రావచ్చన్న భయంతో 16 ఏళ్ళలోపు వాళ్ళకి దీన్ని వాడొద్దని బ్రిటన్ 2009లోనే చెప్పింది. లిగ్నోకైన్ ఉంటే చిగురుతో పాటు గొంతు కూడా మొద్దుబారి పాలు పొలమారతాయి, మోతాదు ఎక్కువైతే ఫిట్స్, గుండె ఇబ్బంది. 2014లో అమెరికా మందుల సంస్థ దీనిమీద హెచ్చరించింది. బెంజోకైన్ రక్తం ఆక్సిజన్‌ని మోయకుండా చేయగలదు, రెండేళ్ళ లోపు పిల్లలకి వద్దని అదే సంస్థ 2018లో చెప్పింది. ఇన్ని ప్రమాదాలకి తగ్గ లాభమైనా ఉందా అంటే అదీ లేదు. అంత చొంగ కారే నోట్లో రాసిన జెల్ రెండు నిమిషాల్లో కొట్టుకుపోతుంది. మీవారు మంచి మనసుతోనే తెచ్చారు, కానీ వాడకండి.

నొప్పితో బాబు బాగా ఏడుస్తున్న రాత్రి పారాసెటమాల్ ఒక మోతాదు ఇవ్వొచ్చు, డాక్టర్ రాసిన లెక్క ప్రకారం. మామూలుగా కిలో బరువుకి 15 మి.గ్రా. చొప్పున లెక్క కడతారు, రెండు మోతాదుల మధ్య కనీసం ఆరు గంటలు ఎడం ఉండాలి. ఇక్కడ చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటుంది, జాగ్రత్తగా వినండి. పారాసెటమాల్ డ్రాప్స్ అంటే ఒక్క మి.లీ.లో 100 మి.గ్రా. మందు. సిరప్ అయితే 5 మి.లీ.లో 120 లేదా 125. మరో రకం సిరప్‌లో అదే 5 మి.లీ.లో 250. 120 లేదా 125 సిరప్‌కి చెప్పిన కొలతని డ్రాప్స్ సీసాలోంచి తీసి పోస్తే నాలుగు రెట్ల మందు లోపలికి పోతుంది. సీసా మారినప్పుడల్లా లేబుల్ చూడండి, దానితో వచ్చిన కొలత గొట్టంతోనే పోయండి, వంటింటి చెంచాతో వద్దు.

చిగురుకి నిజంగా హాయినిచ్చేది చల్లదనం, ఒత్తిడి. పాత నూలు పంచెలోంచి అరచేతంత ముక్క చింపి మరిగించి ఆరేయండి. మరిగించి చల్లార్చిన నీళ్ళలో తడిపి, పిండి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి. ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకట్టింది చిగురుని కోస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, గోరు కత్తిరించుకుని, ఆ గుడ్డని చూపుడువేలికి చుట్టి కింది చిగురు మీద ముందు నుంచి వెనక్కి మెల్లగా రుద్దండి. మొదట మొహం తిప్పేసుకుంటాడు. రెండు మూడుసార్లు రుద్దాక మీ వేలినే పట్టుకుని గట్టిగా కొరుకుతూ నిశ్శబ్దమైపోతాడు, అంటే సరైన చోటు దొరికిందన్నమాట. కింద తెల్లగా కనిపిస్తోందన్నారు కదా, స్టీలు చెంచా అంచు దానికి తాకించి చూడండి. టిక్కుమంటే పన్ను చిగురు దాటేసినట్టే, బియ్యపు గింజలా పైకొస్తుంది. తెలుపు కాకుండా నీలంగా బుడగలా ఉబ్బినా కంగారు పడొద్దు, గుచ్చొద్దు. పన్ను బయటికి రాగానే అదే పోతుంది.

టీథర్ (పిల్లలు కొరుక్కునే బొమ్మ) కొనేటట్టయితే లోపల నీళ్ళు నింపినవి వద్దు, ఒకే ముక్కగా ఉన్న సిలికాన్‌ది తీసుకోండి. అన్నం తింటున్నాడు కాబట్టి చల్లటి పెరుగు రెండు చెంచాలు పెట్టొచ్చు. ఈ ఎండల్లో లేత తాటిముంజలు మీ కళ్ళముందే కొట్టించి, ఇంటికి తెచ్చి కడిగి, పైతొక్క తీసి, చేత్తో మెత్తగా చిదిమి పెట్టండి, ఎంత ఇష్టంగా తింటాడో చూడండి. ముక్కలుగా మాత్రం పెట్టకూడదు, జారి గొంతులోకి పోతుంది. కొరుక్కుంటాడని చేగోడీ, జంతిక, పచ్చి క్యారెట్ చేతికివ్వడం మన ఇళ్ళలో ఉంది. వద్దే వద్దు. ఆ లేత చిగురుకే చిన్న ముక్క విరిగి ఊపిరికి అడ్డంపడేంత బలం ఉంటుంది.

చొంగ వల్ల గడ్డం కింద, మెడ మడతల్లో ఎర్రగా పొక్కుతుంది. మన ఉక్కపోతలో చెమటకాయలు కూడా తోడవుతాయి. గరుకు కర్చీఫ్‌తో తుడవకుండా మెత్తటి గుడ్డతో అద్ది, ఆరాక పల్చగా వాజిలిన్ రాయండి. మెడలో పౌడరు చల్లొద్దు. తడవగానే బిబ్ మార్చండి, అంతే.

పాలు తాగుతూ కొరకడం గురించి చాలామంది తల్లులు సిగ్గుపడి అడగరు, మీరు రాసినందుకు మంచిదైంది. బిడ్డ నిజంగా పాలు పీలుస్తున్నంతసేపూ నాలుక కింది పన్ను మీద ఉంటుంది కాబట్టి కొరకలేడు. కడుపు నిండాక ఆటలాడుతూ కొరుకుతాడు. మింగడం తగ్గి దవడ బిగుస్తున్నట్టు అనిపించగానే మీ చిటికెనవేలు అతని నోటి మూలలోంచి చిగుళ్ళ మధ్యకి పెట్టి విడిపించండి. లాగొద్దు, చర్మం చీరుకుంటుంది. కెవ్వున అరిస్తే కొందరు పిల్లలు భయపడి పాలే మానేస్తారు, కొందరు అది ఆటనుకుని మళ్ళీ కొరుకుతారు. మామూలు గొంతుతో "వద్దు నాన్నా" అని చెప్పి రెండు నిమిషాలు పక్కన కూర్చోబెట్టండి. పాలకి ముందు ఆ చల్లటి గుడ్డతో చిగురు రుద్దితే చాలావరకు తగ్గుతుంది. ఈ కారణంతో పాలు మాన్పించొద్దు.

మీ ఆఫీసులో ఆవిడ పాపతో పోల్చుకోకండి. మొదటి పన్ను నాలుగో నెలలో రావొచ్చు, ఏడాది నిండాక రావొచ్చు. ఇంటి పోలిక కూడా ఉంటుంది, మీకూ మీవారికీ ఎప్పుడొచ్చాయో అత్తయ్యగారినే అడగండి. ఏడాదిన్నర నిండినా ఒక్క పన్నూ కనిపించకపోతే అప్పుడు చూపించండి. మూడేళ్ళకల్లా 20 పాలపళ్ళూ వచ్చేస్తాయి. ఒకవేళ పై పళ్ళు ముందొస్తే మేనమామకి కీడని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు, ఏ వరస ముందొచ్చినా ఎవరికీ ఏమీ కాదు.

అత్తయ్యగారితో ఎలా మాట్లాడాలన్నది మీరు నేరుగా అడగలేదు, కానీ ఉత్తరమంతా అదే భయం ఉంది. "మీకు తెలీదు, డాక్టర్ వద్దన్నారు" అని చెబితే ఆవిడ మనసు కష్టపడుతుంది, రేపు మీరు ఆఫీసుకి వెళ్ళాక మీకు చెప్పకుండా రాసినా రాస్తారు. ఆవిడ కోరుకునేది మనవడి చిగురుకి ఏదో ఒకటి చేయాలనే కదా. ఆ చల్లటి గుడ్డ పని ఆవిడకే అప్పగించండి, ఆ చేతుల ఓపిక మీకూ నాకూ రాదు. వచ్చేసారి డాక్టర్ దగ్గరికి ఆవిడని కూడా తీసుకెళ్ళి, మోషన్స్ ఎన్నిసార్లయ్యాయో, ఎలా ఉన్నాయో ఆవిడతోనే చెప్పించండి. తేనె, వెలిగారం ఎందుకు వద్దో డాక్టర్ నోటివెంట విన్నాక ఆ సీసా ఆవిడే తీసి పక్కన పెడతారు.

మొదటి పన్ను రాగానే చిన్న మెత్తటి బ్రష్‌తో పొద్దున, రాత్రి తోమడం మొదలుపెట్టండి. పేస్టు బియ్యపు గింజంత చాలు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు చేయకండి, ముందు పళ్ళు పుచ్చిపోతాయి. మొదటి పుట్టినరోజులోపు పళ్ళ డాక్టర్‌కి ఒకసారి చూపించండి. ఈ రోజు బజారుకి వెళ్ళినప్పుడు ఒక డిజిటల్ థర్మామీటర్, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. బాబు బరువు, వాడికి సరిపడే పారాసెటమాల్ మోతాదు డాక్టర్‌తో రాయించుకుని ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి అడగాల్సిన పని ఉండదు. వాడి బరువు పెరిగినప్పుడల్లా ఆ మోతాదు మళ్ళీ రాయించుకోవడం మర్చిపోవద్దు.